జిల్లా పేజీలో మా ఊళ్లు ఎందుకు కనబడవు?

శబరి గట్టు

మాది కూనవరం వైపు, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. 2014 వరకు ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు కింద ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు మా వైపు మండలాలు తూర్పు గోదావరిలోకి వెళ్లాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో వేశారు. 2025 చివరి దాకా మా జిల్లా కేంద్రం పాడేరు. మాలో చాలామంది పాడేరు చూడనే లేదు. సరుకులకీ, ఆస్పత్రికీ, బస్సుకీ మాకు భద్రాచలమే దిక్కు. అది తెలంగాణలో ఉంది.

పేపరు కూడా ఆ జిల్లా గీత ప్రకారమే నడిచింది. జిల్లా పేజీ తెరిస్తే పాడేరు, అరకు, చింతపల్లి. ఆ వార్తలు వద్దని కాదు, అక్కడి వాళ్లవీ మాలాంటి కష్టాలే. కానీ భద్రాచలం ఆస్పత్రిలో ఏ విభాగం నడుస్తోంది, ఏ బస్సు రద్దయింది అనేవి పక్క రాష్ట్రం ఎడిషన్‌లో పడతాయి. మా చేతికి రావు.

2022 జూలై వరద అందరికీ గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు అదే. గంటగంటకూ నీటిమట్టం ఎంతో అన్ని చోట్లా వచ్చింది. మంచిదే, మేమూ దాన్ని చూసే సామాను సర్దుకుంటాం. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మా పిల్లలకు కూడా నోటికి వచ్చు. కానీ అక్కడ ఇన్ని అడుగులుంటే కూనవరంలో నీళ్లు ఏ వీధి దాకా వస్తాయి, వి.ఆర్.పురం రోడ్డు ఎక్కడ మునుగుతుంది, గోదావరి పోటుకి శబరి ఎగదన్ని చింతూరు వైపు ఎంత దూరం పోతుంది? ఇవి రాసిన పేపరు నాకు కనబడలేదు. వరద తగ్గాక నాయకులు వచ్చారు, వాళ్ల పర్యటన మాత్రం పేజీ నిండా వచ్చింది.

పోలవరం మొదటి దశ పునరావాసానికి 41.15 మీటర్ల కాంటూరు లెక్క, అంటే ప్రాజెక్టులో నీళ్లు ఆ ఎత్తుకి నిలిస్తే మునిగే ఊళ్లే జాబితాలో ఉంటాయి. ఆ జాబితాలో లేని ఊళ్లు కూడా ఆ వరదకి మునిగాయి. ఏయే ఊళ్లు, ఎన్ని ఇళ్లు, జాబితాలో ఎందుకు లేవు? పేర్లతో ఒక పట్టిక వేస్తే చాలు, మాకు అంతకన్నా పెద్ద వార్త ఇంకోటి లేదు. మీ జిల్లాల్లో ఎలా ఉందో చెప్పండి.

మాజీ కంట్రిబ్యూటర్

అన్నా, నేను ఒక మండలానికి చాలా ఏళ్లు వార్తలు రాశాను. ఏ పేపరో చెప్పను. పద్ధతి అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే కాబట్టి పేరుతో పని లేదు.

మండల విలేకరికి జీతం ఉండదు. అచ్చయిన వార్తను బట్టి ఇచ్చే లైన్ అకౌంట్, లేదంటే నెలకి పెట్రోలుకి కూడా చాలని గౌరవ వేతనం. అసలు డబ్బు యాడ్స్ మీద వచ్చే కమీషన్‌లో ఉంటుంది. సంక్రాంతి, ఉగాది, ఆగస్టు 15, దసరా, పేపరు వార్షికోత్సవం, ఎమ్మెల్యే పుట్టినరోజు, వీటన్నిటికీ టార్గెట్ ఉంటుంది. చందాలకి వేరే టార్గెట్. ఆ యాడ్స్ ఎవరిస్తారు? సర్పంచ్, కాంట్రాక్టర్, ప్రైవేటు స్కూలు యజమాని, ఇసుక వ్యాపారి, రేషన్ డీలర్. ఊళ్లో తప్పు జరిగితే ఎక్కువసార్లు ఆ తప్పు వాళ్ల చుట్టూనే ఉంటుంది. పండగకి వాళ్ల గుమ్మం తొక్కాల్సిన మనిషి పండగ ముందు వాళ్ల మీద ఎలా రాస్తాడు?

ఎస్సీ కాలనీ, ఎస్టీ కాలనీ, యానాదుల పాక, మత్స్యకారుల పల్లె, ఇక్కడెవరూ యాడ్ ఇవ్వలేరు. చందా కట్టేవాళ్లూ తక్కువే. అంచేత విలేకరి బండి అటు తిరగదు. తిరిగితే ఏదో ఘోరం జరిగినప్పుడే. విలేకరులందరూ చెడ్డవాళ్లని మాత్రం అనుకోకండి. సొంత డబ్బుతో తిరిగి రాసినవాళ్లు, రాసినందుకు దెబ్బలు తిన్నవాళ్లు నాకు తెలుసు. యాజమాన్యం వాళ్లకి ఒక ఐడీ కార్డు ఇచ్చి, మిగతాది నువ్వే చూసుకో అని వదిలేస్తుంది. ఈ చర్చ అక్కడ మొదలవ్వాలని నా అభిప్రాయం.

ఉద్దానం టీచర్

శ్రీకాకుళం జిల్లా నుంచి రాస్తున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పేర్లు వినగానే అందరికీ కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. పేపర్లలో మేం కనబడం అనలేను. కనబడతాం, కానీ ఎప్పుడూ రెండే రకాలుగా. ఎవరైనా చనిపోతే ఒకసారి, మంత్రి వస్తే ఒకసారి.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభించారు. హిరమండలం నుంచి మంచినీటి పథకం కూడా అప్పుడే. ఆ రోజు పేజీలన్నీ అవే. చాలా సంతోషించాం. ఆ తర్వాత మాకు కావలసిన వార్తలు చిన్నచిన్నవి. నెఫ్రాలజీ డాక్టర్లు ఎంతమంది ఉన్నారు? డయాలసిస్‌కి ఎన్ని షిఫ్టులు నడుస్తున్నాయి, రాత్రి షిఫ్టు అయ్యాక ఆడవాళ్లు ఇంటికి ఎలా వెళ్లాలి? పైపు నీళ్లు ఏ ఊరి దాకా వచ్చాయి, ఏ ఊళ్లో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు? ఇవన్నీ నెలకొకసారి రాస్తే పేపరు కోసం జనం ఎదురుచూస్తారు.

ఇంకొకటి. మా పిల్లల్లో చాలామంది తండ్రులు చేపల వేటకి గుజరాత్ వెళ్తారు. 2018లో వేరావల్ నుంచి వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో విడుదలైనప్పుడు పెద్ద వార్తయింది. అసలు ఇక్కడ తీరం పెట్టుకుని వాళ్లు అంత దూరం ఎందుకు పోతున్నారు, ఆ బోట్ల మీద కూలీ ఎలా ఇస్తారు, వెనక ఇల్లు నడుపుతున్న ఆడవాళ్లు అప్పు ఎక్కడ తెస్తున్నారు? వాళ్లు చిక్కుకోకముందూ అదే పరిస్థితి, విడుదలయ్యాక కూడా అదే పరిస్థితి.

రామ్, విజయవాడ

అందరూ పేపర్లనే అంటున్నారు. జనం ఏం కొంటున్నారో కూడా చూడాలి కదండీ. పదో తరగతిలో ర్యాంకు వచ్చిన పిల్ల ఫోటో పడితే ఆ కుటుంబం పది కాపీలు కొంటుంది. గుడి కల్యాణం ఫోటో పడితే ఊరంతా చూసుకుంటుంది. అదీ ఊరి వార్తే. దాన్ని తక్కువ చేయకండి.

ఉద్దానం టీచర్

రామ్ గారూ, నేను తక్కువ చేయట్లేదు. మా స్కూలు పిల్ల ఫోటో పడిన రోజు నేనే క్లాసులో అందరికీ చూపించాను. ఆ ఫోటో పక్కన మరుగుదొడ్డి లేక హైస్కూలు మానేసిన పిల్లల వార్త కూడా ఉండాలంటున్నాను. ఇద్దరూ ఒకే ఊరి పిల్లలు.

డెస్క్ మనిషి

నేను జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. లోపలి నుంచి కొన్ని విషయాలు చెప్తాను.

ఈనాడు 1974లో విశాఖలో మొదలైంది. 1989లో జిల్లాకొక టాబ్లాయిడ్, అంటే చిన్న సైజు అనుబంధం, తెచ్చింది. తర్వాత మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. అప్పటిదాకా మండల కేంద్రం పేరు కూడా పేపర్లో ఎప్పుడో తప్ప వచ్చేది కాదు. ఊరి బోరు చెడిపోయిందని అచ్చయితే మర్నాడు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి బాగుచేసిన రోజులు నిజంగా ఉన్నాయి. పత్రికలు ఊళ్లలోకి వెళ్లింది దానివల్లే. ఆ మేలు మర్చిపోకూడదు.

2020 లాక్‌డౌన్‌లో చాలా పత్రికలు విడి టాబ్లాయిడ్లు ఆపి జిల్లా పేజీలను మెయిన్ పేపర్లో కలిపేశాయి. పేజీలు తగ్గాయి, మనుషులు తగ్గారు. ఇప్పుడు నాకు ఒక నియోజకవర్గానికి దొరికే చోటు కొన్నిసార్లు అర పేజీ. అందులో యాడ్ పోను మిగిలిన దాంట్లో కలెక్టర్ సమీక్ష, ఎమ్మెల్యే కార్యక్రమం, ప్రమాదం, ఆత్మహత్య, జాతర. సాయంత్రం వాట్సాప్‌లో విలేకరులు పంపేవాటిలో చాలావరకు ఎవరో ఒకరు ఇచ్చిన ప్రెస్ నోట్లే. ఆఫీసుకి మనిషి ఉన్నాడు, పార్టీకి మనిషి ఉన్నాడు, వాళ్ల నోట్ ఫోటోతో సహా తయారుగా వస్తుంది. కూలీల తరఫున నోట్ రాసి పంపేవాళ్లు ఎవరూ లేరు. పేజీ రాత్రి తొమ్మిదికి పంపాలన్నప్పుడు తయారుగా ఉన్నది పేజీలోకి ఎక్కుతుంది.

శబరి గట్టు గారు చెప్పిన సరిహద్దు సమస్య అక్షరాలా నిజం. ఎడిషన్లు రెవెన్యూ జిల్లా ప్రకారం ఉంటాయి, మనుషులు బతికేది సంత ప్రకారం. ఇచ్ఛాపురం వాళ్లకి బరంపురం, తడ వాళ్లకి చెన్నై, మీకు భద్రాచలం. పక్క ఎడిషన్ వార్తను కాపీ చేసుకుని వేయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు, ఒక్క క్లిక్ పని. అది తన పని అనుకునే మనిషి ఎవరూ లేరు, అంతే.

నెల్లూరు పాఠకుడు

పేపర్లు తలుచుకుంటే ఏం చేయగలవో మా జిల్లా చూసింది. సారా వ్యతిరేక ఉద్యమం. అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడంతో మొదలైంది. కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణం మూయించారు. రోశమ్మ గారి పేరు అప్పుడే బయటికి వచ్చింది. ఆ కథ చదువుకునే పుస్తకంలో పాఠమై వేరే ఊళ్లకి పోయింది. 1992లో సారా వేలం పాటలు ఆపడానికి ఆడవాళ్లు బయటికి వచ్చినప్పుడు జిల్లా పేజీలు రోజూ ఊరి పేరుతో, మనిషి పేరుతో రాశాయి. ఇవాళ ఈ ఊళ్లో ఆపారు, రేపు ఆ ఊళ్లో ఆపుతారని. అది చదివి పక్క ఊరి ఆడవాళ్లు లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

అప్పటి వార్తల్లో మాట్లాడింది అధికారులు కాదు. మాదిగవాడ, యానాది పల్లె, బీసీ వీధుల ఆడవాళ్లు. భర్త ఎంత తాగేవాడు, కూలి డబ్బులో ఎంత మిగిలేది, కొడితే ఏం చేశారు, అన్నీ వాళ్ల నోటితోనే. ఉద్యమం అయిపోయాక ఆ ఆడవాళ్లు పేజీలోంచి మళ్లీ మాయమయ్యారు. అంతమందిని కలిసి రాయడం తెలిసిన పేపర్లే ఇప్పుడు అదే వీధుల నుంచి ఏడాదికి ఒక్క మనిషి మాట కూడా వేయడం లేదంటే చేతకాక కాదు, అక్కర్లేదనుకోవడం వల్ల. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

ప్రకాశం నుంచి ఒక పాఠకుడు

నేను ఎస్సీ కాలనీలో పుట్టి పెరిగినవాణ్ణి. 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు, దళితుల్ని చంపిన ఈ రెండు ఘటనల గురించీ పెద్దవాళ్లు చెప్పగా విన్నాం. ఆ రోజుల్లో పత్రికలు రాయక తప్పలేదు, అంత పెద్ద ఘోరాలు. చిన్న ఘోరాలే ఇప్పటికీ రావు. మా పక్క ఊళ్లో పెళ్లి ఊరేగింపు ఆపి కొట్టారు. జిల్లా పేజీలో నాలుగు లైన్లలో వచ్చింది, గొడవ జరిగింది, పోలీసులు సర్దిచెప్పారు అని. ఎవరు ఎవర్ని కొట్టారో లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కట్టారా లేదా అన్నది కూడా లేదు. ఆ తర్వాత ఒక్క లైను లేదు.

ఆ చట్టం కింద కేసు కడితే అరవై రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. బాధితులకి పరిహారం దశలవారీగా ఇవ్వాలి, ఎఫ్ఐఆర్ దగ్గర కొంత, ఛార్జిషీటు దగ్గర కొంత, అలా. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకొకసారైనా కూర్చోవాలి. విలేకరి ఆ మీటింగుకి వెళ్లి, ఎన్ని కేసుల్లో గడువు దాటింది, ఎంతమందికి డబ్బు అందింది అని అడిగితే చాలు, వార్త తయారవుతుంది. మీటింగు ఫోటో వేస్తారు, కలెక్టర్ గారు ఆదేశించారని రాస్తారు. కేసుల సంఖ్య అడగరు.

న్యూస్‌రూముల్లో ఎవరున్నారో కూడా మాట్లాడుకోవాలి. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి దేశంలోని కొన్ని ఇంగ్లీషు, హిందీ మీడియా సంస్థలు చూస్తే, 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాల వాళ్లవి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. తెలుగు పత్రికలు తమ లెక్క తామే బయటపెడితే బాగుంటుంది. డెస్క్ మనిషి గారూ, మీ డెస్క్‌లో మా కాలనీల నుంచి ఎంతమంది ఉన్నారని అడగడం తప్పుగా అనుకోకండి.

డెస్క్ మనిషి

తప్పు కాదు సార్, అడగాల్సిందే. మా డెస్క్‌లో ఒక్కరున్నారు. ఆయన ఉన్నందువల్ల తేడా నేను రోజూ చూస్తున్నాను. హాస్టల్లో పిల్లలకి జ్వరాలని వార్త వస్తే మేం పిల్లల సంఖ్య అడుగుతాం. ఆయన ఫోన్ చేసి వార్డెన్ రాత్రి అక్కడే ఉన్నాడా అని అడుగుతాడు. ఆయన హాస్టల్లో చదువుకున్న మనిషి.

జగిత్యాల తమ్ముడు

నేను దుబాయ్‌లో ఉంటాను, ఈ-పేపర్ చదువుతాను. మా జిల్లా పేజీలో గల్ఫ్ వార్త అంటే శవపేటిక వార్తే. ఫలానా ఊరివాడు గుండెపోటుతో మృతి, శంషాబాద్‌కి మృతదేహం, కుటుంబాన్ని ఆదుకోవాలని వినతి. అంతే.

చెప్పాల్సింది ఏమిటంటే, ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో (విదేశీ పనికి ప్రభుత్వ అనుమతితో) వెళ్లిన కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల ఎక్స్‌గ్రేషియా 2024లో తెచ్చింది. ఏ కాగితాలు కావాలి, ఎవరికివ్వాలి? మరణ వార్త కింద ఈ నాలుగు లైన్లు ప్రతిసారీ వేస్తే ఎంతమందికి మేలో. విజిట్ వీసా మీద పంపిన ఏజెంట్‌కి లైసెన్స్ ఉందా లేదా అన్నది కూడా ఏ వార్తలోనూ ఉండదు. ఆ ఏజెంట్ ఆఫీసు బోర్డు మా మండల కేంద్రంలో బస్టాండ్ ఎదురుగానే ఉంటుంది.

మాజీ కంట్రిబ్యూటర్

తమ్ముడూ, ఆ ఏజెంట్లు కూడా పండక్కి యాడ్ ఇస్తారు.

పాలమూరు మాస్టారు

పత్రిక ఊరిది కావాలంటే ఎలా ఉండాలో మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యం, తెలుగు పత్రికలంటే సర్కారుకి అనుమానం. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే ప్రతాపరెడ్డి గారు పనితోనే జవాబిచ్చారు. ఊరూరి నుంచి కవిత్వం రప్పించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. వాళ్లందరూ అప్పటికే ఊళ్లలో రాసుకుంటూ ఉన్నవాళ్లే. అంతకుముందు ఎవరూ వెళ్లి అడగలేదు.

మండలంలో వార్తల్లేవు అనే ఎడిటర్లకు కూడా అదే జవాబు. ఉపాధి హామీ సోషల్ ఆడిట్, అంటే పనుల లెక్కలు జనం ముందు తనిఖీ చేయడం, ప్రతి మండలంలో జరుగుతుంది, చివర ప్రజావేదిక పెడతారు. ఏ ఊళ్లో ఎవరి పేరున దొంగ మస్టర్ (హాజరు) వేశారో కూలీలు మైకులో చెప్తారు. రోజంతా కూర్చుంటే నెలకి సరిపడా వార్తలు. ఎంత రికవరీ అన్న ఒక్క అంకె రాసి వెళ్లిపోతారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల ఫోటో ప్రతి వారం వేస్తారు. పోయిన నెల అర్జీ పెట్టుకున్న ముసలామెకి పింఛన్ వచ్చిందా అని ఆమె ఇంటికి వెళ్లి అడిగితే ఆ ఫోటోకి అర్థం ఉంటుంది.

రామ్, విజయవాడ

మాస్టారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. మరి పాఠకులుగా మనం చేయగలిగింది ఏమైనా ఉందా? లేదంటే ఇక్కడ మాట్లాడుకుని ఊరుకోవడమేనా?

ప్రకాశం నుంచి ఒక పాఠకుడు

ఒక దారి ఉంది. వార్త తప్పుగా వస్తే మొదట ఎడిటర్‌కి రాతపూర్వకంగా పంపాలి, కాపీ దాచుకోవాలి. సవరణ వేయకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఫిర్యాదు చేయొచ్చు. దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల్లోపు. జరిమానా వేసే అధికారం కౌన్సిల్‌కి లేదు, హెచ్చరించగలదు, తప్పుపట్టగలదు. అయినా ఎడిటర్ పేరు మీద నోటీసు వస్తే కదలిక ఉంటుంది. అయితే ఇది తప్పుగా రాసినదానికి. అసలు రాయనిదానికి ఇది పనిచేయదు.

డెస్క్ మనిషి

రాయనిదానికి నేనొక మాట చెప్తాను. ఫిర్యాదు ఉత్తరాలు ఆఫీసుకి చాలా వస్తాయి, మా ఊరిని పట్టించుకోవట్లేదని. వాటితో డెస్క్ ఏమీ చేయలేదు. సమాచారం వస్తే చేయగలం. శబరి గట్టు గారూ, మీరు అడిగిన ముంపు ఊళ్ల పట్టిక మీ దగ్గరే తయారుచేయగలరా? ఊరు పేరు, మండలం, 2022లో నీళ్లు ఎన్ని ఇళ్లలోకి వచ్చాయి, 41.15 జాబితాలో ఉందా లేదా. ఊరికొక మనిషి పేరు, ఫోన్ నంబరు పెట్టండి. అవి అచ్చు వేయడానికి కాదు, మేం ఫోన్ చేసి సరిచూసుకోవడానికి. ఫోటో ఉంటే ఏ రోజు, ఎక్కడ తీశారో రాయండి. ఒక్క పేపరుకే కాకుండా అన్నిటికీ ఒకే రోజు పంపండి. వానలు పడి గోదావరి పెరిగేలోపు పంపితే చోటు దొరుకుతుంది. వరద వచ్చాక నీటిమట్టం, నాయకుల రాక తప్ప ఇంకేదీ పేజీలోకి ఎక్కదు.

శబరి గట్టు

చేస్తాం సార్. కొండరెడ్ల గిరిజన ఊళ్లు కొన్ని లోపలికి ఉంటాయి, సిగ్నల్ ఉండదు, అక్కడికి మనిషే వెళ్లాలి. మా కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు బండ్లు ఉన్నవాళ్లు వస్తామన్నారు. ఒకటి అడుగుతాను. భద్రాచలం ఎడిషన్‌కి కూడా పంపమంటారా? ఊళ్లు ఆంధ్రావి అని పక్కన పడేస్తారేమో.

డెస్క్ మనిషి

తప్పకుండా పంపండి. నీటిమట్టం భద్రాచలంలో కొలుస్తారు, మీ జనం వైద్యానికి అక్కడికే వస్తారు. అది భద్రాచలం వార్త కూడా. ఉత్తరం మొదటి లైనులోనే ఆ మాట రాయండి.

మాజీ కంట్రిబ్యూటర్

పట్టిక అయ్యాక నాకు పంపు అన్నా, వార్తలా రాసిపెడతాను. కొండరెడ్ల ఊళ్లకి వెళ్లినప్పుడు పెద్దలతోనే మాట్లాడి వచ్చేయకండి. ఆడవాళ్లని వేరేగా కూర్చోబెట్టి అడగండి. వరదలో గింజలు ఎక్కడ దాచారు, గొడ్లని ఎటు తోలారు, కాన్పు ఎవరికైనా వచ్చిందా అని. పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి.